ఓడ రంగు వేసిన చక్రాలు

మా నాన్న పోర్టులో ఓడలకు రంగు వేసే ముఠాలో పనిచేసేవాడు. తాళ్లకు వేలాడదీసిన పలక మీద కూర్చుని ముందు చిన్న సుత్తితో తుప్పు రాల్చాలి, తరవాత ఇనుప బ్రష్షుతో రుద్దాలి, ఆ పైన ఎర్రరంగు రెండు పూతలు, దాని మీద అసలు రంగు రెండు పూతలు. డబ్బాల అడుగున మిగిలింది ఎలాగూ పారబోసేదే కాబట్టి ముఠావాళ్లని పట్టుకుపోనిచ్చేవారు. అందుకని జ్ఞానాపురంలో మా వీధి వీధంతా ఓడ రంగే. తలుపులు, కిటికీ ఊచలు, మడత మంచాలు, నీళ్ల డ్రమ్ములు, అమ్మ కుట్టుమిషను కాళ్లు, ఆఖరికి తాతయ్య సమాధి మీది సిలువ కూడా. సముద్రపు గాలికి ఇనుము పొరలుపొరలుగా లేచిపోయే ఊరు మాది. రంగు వెయ్యని ఇనప ముక్క ఇంట్లో ఉంటే అమ్మకి నిద్రపట్టేది కాదు.

నాన్నకి నేనొక్కదాన్నే. పన్నెండేళ్లకే నా చేతికి బ్రష్షిచ్చాడు. "గోరంత సోటు ఒగ్గీసినా తుప్పు ఆడనించే దూరతాదే గుంటా. ముందెంతో ఎనకా అంతే. కంటికి కనబడని సోటే ముందు ఏసీయాల" అని పక్కన కూర్చుని చూసేవాడు. నేను వేసిన గేటు ఐదేళ్లు చెక్కుచెదరకుండా నిలబడితే వీధి చివరిదాకా తీసుకెళ్లి మరీ అందరికీ చూపించాడు. ఆయన పోయాక ఆ రంగుల పెత్తనం అంతా నాదే అయిపోయింది. ఎవరింట్లో రంగు పని మొదలైనా నన్ను పిలిచేవారు. పిలవకపోయినా నేను వెళ్లేదాన్ని. నా పని మీద ఎవరైనా ఒక మాట అంటే మాత్రం ఊరుకునే రకం కాదు నేను. నా నోరు ఎలాంటిదో జ్ఞానాపురంలో ఇప్పటికీ చెప్తారు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. నా కంటే ఆరేళ్లు పెద్ద, గొంతెత్తి మాట్లాడటం ఎరగడు. పెళ్లయిన కొత్తలో చేపల పులుసులో ఉప్పు తక్కువైనట్టుందని అన్నాడు. పులుసు గిన్నె ఉన్నపళంగా తీసుకెళ్లి వీధి కాలవలో పోసేశాను. ఆ తరవాత నేను ఏం పెట్టినా తినేసి చెయ్యి కడుక్కునేవాడు. నా వంట బాగా కుదిరిందనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఎనభైల మొదట్లో ఆయన ఒక పాత పికప్ బండి సంపాదించాడు. తెల్లారకుండానే ఫిషింగ్ హార్బరులో చేపల బుట్టలు ఎత్తుకుని, పూర్ణా మార్కెట్టులో కూరలు వేసుకుని, గాజువాక అవతల కొత్తగా కడుతున్న ఉక్కు కర్మాగారం దగ్గర పనివాళ్ల మెస్సులకి దించి వచ్చేవాడు. అటువైపు రోడ్డంటూ ఏమీ లేదు. ఒకవైపు వేస్తుంటే ఇంకోవైపు పెద్ద లారీలు తవ్వేస్తుండేవి. పైనుంచి చేపల ఐసు కరిగి ఉప్పునీళ్లు కారి చక్రాల మీదే పడేవి. బండితో వచ్చిన కంపెనీ చక్రాలు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి, గోతుల్లో పడి వంకర్లు పోయి, ఒకదానికి బోల్టు కన్నం పక్కన వెంట్రుకంత చీలిక కూడా వచ్చింది. ఆ చీలిక నాకు చూపించి ఆ రోజు బండి తియ్యలేదు. డ్రైవరు కదా, దానికి అర్థం ఆయనకి తెలుసు.

కంచరపాలెంలో పాత ఇనప సామాన్ల కొట్లో వెతికి వెతికి ఐదు చక్రాలు తెచ్చాడు. వెడల్పుగా, బరువుగా, ఒక్కొక్కటీ ఎత్తితే నడుము పట్టేసేలా ఉన్నాయి. ఏదో పెద్ద జీపువి. బోల్టు కన్నాలు సరిగ్గా మన బండికి సరిపోతాయని కొలిచి మరీ తెచ్చాడు. పైన తుప్పుందిగానీ లోపల ఇనుము రాయిలా ఉంది.

"రేపు ఎక్కించీనా?" అన్నాడు.

"రంగెయ్యకండానా? వారం ఆగు" అన్నాను.

ఆ వారం పండగే నాకు. పెరట్లో ఐదు చక్రాలూ గోడకి చేరేసి, నాన్న సుత్తి తీసి తుప్పంతా రాల్చాను. చేతులు బొబ్బలెక్కాయి. ఎర్రరంగు రెండు పూతలు, దాని మీద ఓడ బూడిదరంగు రెండు పూతలు, ముందూ వెనకా. కన్నాల లోపలికి సన్న బ్రష్షు దూర్చి తిప్పాను. నట్టు వచ్చి కూర్చునే పల్లెం లాంటి చోటైతే నీళ్లు నిలిచేది అక్కడే కదా అని ఇంకాస్త దట్టంగా పట్టించాను. చివర్న డబ్బాలో కొంచెం మిగిలిపోతోందని ఒక చక్రానికి ఐదో పూత కూడా వేసేశాను. తరవాత ఎడమవైపు వెనక ఎక్కించింది అదే. ఇప్పటికీ గుర్తుంది.

నేను మూడో పూత వేస్తుండగా మా ఆయన వెనక నిలబడి కాసేపు చూశాడు.

"ఎనకాతల ఒగ్గీయొచ్చు గావాల. నట్లకాడ కూడా…" అన్నాడు, అదీ సగం గొంతుతో.

బ్రష్షు డబ్బాలో పడేసి లేచాను. "బండి నడపడం నీకు తెల్సు. రంగు సంగతి నాకు తెల్సు. నా బాబు ఓడలకేసినాడు. నీ బోడి బండికి నాకు సెప్తావేటి?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన కూడా మళ్లీ ఆ మాటెత్తలేదు.

చక్రాలు ఎక్కించిన రోజు వీధిలో జనం చూడ్డానికి వచ్చారు. ఆయన బండిని జాకీ మీద లేపి, కంపెనీ చక్రాలు ఒక్కొక్కటీ విప్పి, నావి ఎక్కించి, వీల్ పానా మీద కాలు పెట్టి ఎగిరెగిరి బిగించాడు. పాత బండికి కొత్త బూట్లు తొడిగినట్టుంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆయన కూడా నవ్వాడు. ఆ రాత్రి నేను హాయిగా పడుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. అనంతగిరి ఘాటు దాటాక కొండల్లో ఒక చిన్న ఊళ్లో కొత్తగా చర్చి కట్టుకున్నారు, దాని ప్రతిష్ఠకి మా చర్చి వాళ్లని రమ్మన్నారు. పదిహేనుమంది బయల్దేరారు. వంటపాత్రలు, బియ్యం బస్తాలు, మద్దెల, హార్మోనియం. బండి మా ఆయనదే. అంతా ఎక్కేసరికి ఇంకొకరికి చోటు లేదు, నేనూ స్టెప్నీ చక్రమూ ఇంట్లో మిగిలిపోయాం. తెల్లవారుజామునే కీర్తనలు పాడుకుంటూ వెళ్లిపోయారు. చోటు దొరకలేదని కోపంతో నేను బయటికి వచ్చి చెయ్యి కూడా ఊపలేదు.

ఎనిమిది గంటలకి ఎదురింటి ఫిట్టరు బాబాయి రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తున్నాడు. రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే పని ఆయనది, మనుషుల కంటే ఇనుముతోనే ఎక్కువ మాట్లాడతాడు. గోడకి చేరేసి ఉన్న స్టెప్నీ చూసి ఆగాడు. వంగి, నట్టు కూర్చునే పల్లెంలో బొటనవేలు గోరు పెట్టి నొక్కాడు. గోరు లోపలికి దిగింది.

"ఎవులే దీనికి రంగేసినారు?"

"నానే బాబాయ్. బాగునేదా?" అన్నాను, మెచ్చుకుంటాడనుకుని.

"పైన ఎండిందిగానీ లోపల ఇంకా పచ్చిగే ఉంది. ఎన్ని పూతలు?"

"నాలుగు. ముందూ ఎనకా."

"బండికున్న సక్రాలకీ ఇలాగేనా? నట్టు కూకునేకాడ కూడానా?"

తలూపాను. ఆయన నిలబడి చేతిసంచీ కింద పెట్టాడు. "ఓసి ఎర్రిదానా! ఆడ రంగు ఉండకూడదే. నట్టు బిగిస్తే ఇనుం ఇనుమ్ని కరుసుకోవాల. మద్దెన రంగుంటే ఏటి కరుసుకుంటాది? బండి నడిసినకొద్దీ రంగు నలిగి పొడైపోద్ది. ఎంత పొడైతే నట్టు అంత వొదులైపోద్ది. ఓడకి సక్రాలుంటాయేటే?" అన్నాడు.

"ఒదులైతే ఏటవుద్ది?" అన్నాను. తెలిసే అడిగాను.

ఆయన నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "డ్రైవరు కదా, సూసుకుంటాడ్లే. బండి ఎక్కడుంది?"

"ఘాటుకెల్లింది. పదిహేనుమందితోటి."

బాబాయి సంచీ అక్కడే వదిలేశాడు. ఎప్పుడూ తాపీగా నడిచే మనిషి, తన గుమ్మం వైపు పరుగందుకున్నాడు. అదే నన్ను చంపేసింది. ఐదో పూత గుర్తొచ్చింది. మిగిలిపోతోందని వేశాను. పారబోస్తే పోయేది.

"బట్టలు మార్సుకుని నానూ వస్తానుండు" అంటున్నాడు బాబాయి. నేను ఆగలేదు. నాన్న రంగు గీకే ఇనప బద్ద చేతికి తగిలింది, అది పట్టుకుని కాంప్లెక్సు బస్టాండుకి పరిగెత్తాను. తలుపు వేశానో లేదో కూడా గుర్తులేదు. ఎవరికైనా ఫోను చేద్దామన్నా ఎవరికి చెయ్యను? రోడ్డుకి ఫోను ఉండదు కదా.

అరకు బస్సు కదిలేసరికి తొమ్మిది దాటింది. కుడిపక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. గోపాలపట్నం దాటింది. పెందుర్తి దాటింది. ఎదురుగా ఏ బండి వస్తున్నా నడుం లేపి చూసేదాన్ని. రోడ్డు పక్క జనం నలుగురు గుమిగూడితే కిటికీలోంచి తల బయటపెట్టేదాన్ని. ఒకచోట కోడి కోసం బేరం, ఒకచోట సైకిలు పంక్చరు. కొత్తవలసలో రైలు గేటు వేశారు. గూడ్సు బండి ఎంతకీ అవ్వదు. ఒక్కో పెట్టె దాటుతుంటే దాని చక్రాలే చూస్తున్నాను. అన్ని చక్రాలు ఉన్నాయి, ఎవరూ రంగు వెయ్యలేదు, అన్నీ నల్లగా జిడ్డోడుతూ సుఖంగా తిరుగుతున్నాయి.

నాకు మా ఆయన మొహం గుర్తుకు తెచ్చుకోవాలనిపించింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. పానా మీద ఎగురుతున్నప్పుడు ఆయన మడమలు గుర్తొచ్చాయి, పగుళ్లు పడ్డవి. అంతే. మనిషి పోతే మొహం మర్చిపోతారని అమ్మ అనేది, అంటే పోయాడా అని అక్కడే ఏడవడం మొదలుపెట్టాను. పక్కనున్న ముసలావిడ "కడుపునొప్పేటమ్మా?" అంది. అవునన్నాను. ఏం చెప్పను? పదిహేనుమందిని చంపడానికి నాలుగు పూతలు వేశానని చెప్పనా? ఆవిడ సంచీలోంచి వాము తీసి నా చేతిలో పోసింది, నమిలాను.

శృంగవరపుకోటలో బస్సు పావుగంట ఆగింది. టీ కొట్టు దగ్గర అడిగాను, ఇలా పాటలు పాడుకుంటూ వెళ్లే పికప్ బండి చూశారా అని. "సూసాం. సంత తెరిసేదాకా కాసుకుని, కూరలు కొనుక్కుని మూడు గంటలు ఉన్నారు ఈడ. ఇందాకే ఎల్లినారు. సక్రాలు భలేగున్నాయి" అన్నాడు టీ కొట్టతను. ఎవరైనా నా పనిని మెచ్చుకుంటే వాంతి రావడం అదే మొదలు. కొట్టు వెనక్కి వెళ్లి వామూ నీళ్లూ కక్కేశాను.

ఘాటు మొదలైంది. ఒకవైపు కొండ, ఒకవైపు చెట్ల తలలు. మలుపు తిరిగినప్పుడల్లా కిందికి చూడాలి, చూడలేను, చూస్తాను. చెట్ల కొమ్మలు ఎక్కడైనా విరిగి ఉన్నాయేమో, ఆకుపచ్చలో బూడిదరంగు కనబడుతుందేమో. జపమాల కూడా తేలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ మరియమ్మ తల్లికి మొక్కుకున్నాను. ఆయన్ని బతికిస్తే ఈ జన్మలో మళ్లీ నోరెత్తను తల్లీ, ఏం పెట్టినా ఏం అన్నా తల వంచుకుని పడుంటాను. ఆ మొక్కు ఎంతసేపు నిలిచిందో చెప్తాను.

నాలుగో మలుపో ఐదో మలుపో, పైనుంచి దిగుతున్న బస్సు మా బస్సు పక్కన నెమ్మదించింది. అందులోని డ్రైవరు తల బయటపెట్టి, "పైన ఓ పికప్ సక్రం ఊడిపోనాది బావా. సగం రోడ్డుకి అడ్డంగుంది. నెమ్మదిగెల్లు" అన్నాడు.

"మడుసులు?" అని అరిచాను. ఆ బస్సు వెళ్లిపోయింది.

కండక్టరు నా వైపు తిరిగాడు. "మడుసుల సంగతి ఆడు సెప్పనేదమ్మా. నీవోళ్లా?" అన్నాడు. నేను లేచి డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కళ్లు మూసుకుంటే తెరవాల్సి వస్తుందని మూసుకోలేదు. ఆ తరవాత ఎన్ని మలుపులో తెలీదు. నాన్నని తిట్టుకున్నాను. రంగుని తిట్టుకున్నాను. పోర్టుని, సముద్రాన్ని, తుప్పుని తిట్టుకున్నాను. ఒక్కదాన్ని మాత్రం తిట్టుకోలేదు, అది నేనేనని తెలుసు కాబట్టి.

మలుపు తిరిగితే బండి ఉంది.

రోడ్డుకి అడ్డంగా, ఎడమవైపు వెనక భాగం కుంగిపోయి, లోయ పక్కన కట్టిన పొట్టి గోడకి ఆనుకుని ఉంది. గోడ రాళ్లు రెండు లేచిపోయాయి. ఆ గోడ కూడా అక్కడొక్కచోటే ఉంది, అటూ ఇటూ ఖాళీ. చక్రం పూర్తిగా ఊడలేదు. పక్కకి ఒరిగి, రెండు నట్ల మీద వేలాడుతోంది. కొండవైపు అరుగులా ఉన్న బండ మీద మావాళ్లు కూర్చుని ఉన్నారు. లెక్కపెట్టాను. పదిహేనుమంది. హార్మోనియం కూడా ఉంది. మా ఆయన లేడు.

బస్సు ఆగకుండానే దూకేశాను. మోకాలు చెక్కుకుపోయింది. "ఆయనేడీ? ఆయనేడీ?" అంటున్నాను. వాళ్లు బండి వైపు చెయ్యి చూపించారు. బండి కింద నుంచి రెండు పాదాలు బయటికి ఉన్నాయి, పగుళ్లు పడ్డ మడమలు, కదలడం లేదు. నేను కూలబడి ఆ రెండు పాదాలూ పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాను.

"ఓరి బాబో! ఎవులది!" అని లోపల్నుంచి అరుపు, ఠంగుమని తల దేనికో కొట్టుకున్న చప్పుడు. మా ఆయన నుదురు రుద్దుకుంటూ బయటికి వచ్చాడు. జాకీ ఎక్కడ ఆనించాలో చూస్తున్నాడట. నన్ను చూసి బిక్కచచ్చిపోయాడు. దయ్యాన్ని చూసినా అలా అవడు మనిషి.

నేను ఆయన మొహం, మెడ, చేతులు తడిమి తడిమి చూశాను. జనం ఉన్నారని కూడా లేదు. అక్కడున్న మా చర్చి పెద్దమ్మ చెప్పింది, "పెందుర్తికాడ్నించీ టకటకమని ఏదో చప్పుడమ్మా. పాటలు పాడతన్నాం కదా, డ్రైవరికి ఇనబడనీనేదు. ఈడకొచ్చేసరికి బండి పక్కకి లాగీసింది. గోడ నేకపోతే అయిపోదుము."

"బావా, రంగు!" అన్నాను. ఏడుపులో మాట సరిగ్గా రావడం లేదు. "నట్ల కింద రంగు గీకీయాల. అదుంటే ఎన్నిసార్లు బిగించినా ఒదులైపోద్దంట. నాదే తప్పు. బాబాయి సెప్పినాడు. నాకు తెల్దు బావా."

ఆయన నేల వైపు చూశాడు. "తెలుసే" అన్నాడు.

"ఏటి తెల్సు?"

"రంగు వల్లేనని."

"ఎప్పట్నించి?"

"బిగించిన మర్నాడే. పానా పెడితే అర చుట్టు తిరిగింది. ఆ మర్నాడూ అంతే. అప్పట్నించీ హార్బరు గేటుకాడ రోజూ పొద్దున్నే ఓ పాలి బిగించుకుని లోడెత్తుతన్నాను. ఇయ్యాల జనం ముందే ఎక్కీసి కూకున్నారు. తొందరలో మర్సిపోనాను."

రెండు వారాలు. పద్నాలుగు పొద్దులు నాకు చెప్పకుండా, ఇంటి దగ్గర కాకుండా హార్బరు గేటు దగ్గర, దొంగతనం చేసినట్టు తన బండి నట్లు తను బిగించుకున్నాడు. బద్ద పెట్టి గీకితే గంట పని.

"గీకీయనేదేం?" అన్నాను.

"నువ్వు సూస్తావు కదా."

"సూస్తే?"

ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "ఎనకాతల ఒగ్గీ అంటేనే మూడ్రోజులు మాటాడ్నేదు నువ్వు. గీకీసినానంటే ఊరుకుంటావేటి?"

నా మొక్కు అక్కడితో సరి. నోరెత్తాను. కొండ మారుమోగేలా ఎత్తాను. "ఈ పదిహేనుమందీ పోనుంటే? నువ్వు పోనుంటే? నాకు మొహమ్మీద సెప్పలేక లోయలో పడిపోతావా? నానేటి, రాకాసినా? లోయ కన్నా నానంటేనే ఎక్కువ బయమా నీకు?"

ఆయన కాదనలేదు.

కాదంటాడనుకున్నాను. ఒక్క మాట, అబద్ధమైనా సరే, అంటాడనుకున్నాను. బండ మీద కూర్చున్నవాళ్లు ఎవరూ నా వైపు చూడటం లేదు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఒకాయన మద్దెల తాళ్లు సవరిస్తున్నాడు. వాళ్లలో ఎవరికీ నా ప్రశ్న వింతగా అనిపించలేదని అప్పుడు అర్థమైంది. పొద్దుట్నుంచీ నేను వేసిన రంగు ఆయన్ని చంపేస్తుందని భయపడుతూ వచ్చాను. రంగు ఒక గంటలో గీకితే పోయేదే. గీకనివ్వనిది నేను. నన్ను చూసి నాకే పుట్టిన ఆ భయం ఘాటులో పడ్డ భయాలన్నిటికంటే వేరేగా ఉంది, దాన్ని ఆపడానికి పరిగెత్తుదామంటే బస్సు కూడా లేదు.

బద్ద తీసుకుని కూర్చున్నాను. ఆయన జాకీ పెట్టి ఒక్కో చక్రం విప్పి ఇచ్చాడు. నేను నట్టు కూర్చునే చోట, చక్రం వెనకాల, ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాను. ఎండలో రంగు మెత్తబడి తొక్కలు తొక్కలుగా వచ్చింది. గోళ్ల సందున ఎర్రరంగు పట్టింది. ఐదో పూత వేసిన చక్రానికి ఎక్కువసేపు పట్టింది. పోయిన నట్లకి బదులు మిగతా చక్రాల నుంచి ఒక్కోటి తీసి సర్దాడు. పానా మీద కాలు పెట్టి బిగిస్తుంటే ఈసారి కిర్రుమనే చప్పుడు వేరుగా వచ్చింది. ఆయన నా వైపు చూశాడు, నేను తల ఊపాను.

మావాళ్లు మళ్లీ బండి ఎక్కేది లేదన్నారు. ఎంత చెప్పినా మొండికేశారు. తప్పు పట్టలేం. పై ఊరిదాకా నడుస్తామన్నారు. పాత్రలూ బస్తాలూ కూడా దింపుకుంటామంటే మా ఆయనే వద్దన్నాడు. "నువ్వూ ఆల్లతో నడు. నాను ముందు ఒక్కడ్నీ ఎల్లి సూసుకుంటాను" అన్నాడు నాతో.

నేను తలుపు తీసి ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన ఏదో అనబోయి, అలవాటు కొద్దీ మింగేసుకుని, తాళం తిప్పాడు. బండి కదిలింది. పాటలు లేవు, మాటలు లేవు. ఇద్దరం ఎడమవైపు వెనకే వింటున్నాం. ఒక మలుపు, ఇంకో మలుపు. ప్రతి రెండు మలుపులకీ ఆపి, దిగి, పానా పెట్టి చూశాడు. నట్లు కదల్లేదు. తలుపు పిడి మీద నా గోళ్ల ఎర్రరంగు అంటుకుంది.

"నాకు బయమేత్తంది బావా" అన్నాను.

ఆయన రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. ఇంకో మలుపు తిప్పాక, "నాకూనే" అన్నాడు.

దేనికి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.